ఏప్రిల్ అంకెలు: మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి

2025లో మార్చి, ఏప్రిల్ నెలలకు కలిపి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో సగమైన అమెరికన్ లీగ్ మేటి రూకీ (తొలి ఏడాది ఆటగాడు) పురస్కారం బోస్టన్ రెడ్ సాక్స్ కుర్రాడు క్రిస్టియన్ క్యాంబెల్‌కు దక్కింది. సీజన్ మొదలైన వారంలోనే 8 ఏళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం కూడా అయిపోయింది. జూన్ మూడో వారం దాటేసరికి అతను మళ్లీ మైనర్ లీగ్‌లో, అంటే మేజర్ లీగ్ జట్లు కుర్రాళ్లను తయారుచేసుకునే కింది లీగ్‌లలో, వూస్టర్ జట్టులో ఉన్నాడు. వెనక్కి వెళ్లి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఇతన్ని నాలుగో రౌండ్‌లో, 132వ ఎంపికగా తీసుకున్నారు. 2024 సీజన్‌కు ముందు పెద్దగా ఎవరి నోటా వినిపించని పేరు. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు మెట్లు ఎక్కి .330 సగటుతో (బంతి కొట్టి బేస్ చేరితే హిట్; వెయ్యి అవకాశాలకు 330 హిట్ల లెక్క) 20 హోమ్ రన్లు (సిక్సర్‌లాంటివి) కొట్టాడు.

మైనర్ లీగ్‌ను కొత్తగా చూడడం మొదలుపెట్టినవాళ్లు తికమకపడేది ఇక్కడే. రాబోయే తారల జాబితాలో పైనున్నవాడు కదలడు, పేరు తెలియనివాడు దూసుకుపోతాడు, .370 కొట్టేవాడు ఉన్నచోటే ఉంటాడు, .230 కొట్టేవాడికి ప్రమోషన్ వస్తుంది. ఇందులో మాయేమీ లేదు. కుర్రాడు ఎప్పుడు పైకెళ్తాడన్నది ఆట ఒక్కటే తేల్చదు. అతని వయసు, ఆడుతున్న మెట్టు, జట్టు ఆఫీసులో అతని పేరు మీదున్న కాగితాలు కూడా తేలుస్తాయి. ఏప్రిల్‌లో అయితే వీటిలో ఆటకే తక్కువ విలువ.

ముందు మెట్ల సంగతి. 2021లో మైనర్ లీగ్ మొత్తాన్ని తిరగరాశారు. 160 దాకా ఉన్న జట్లలో 40కి పైగా మేజర్ లీగ్‌తో అనుబంధం కోల్పోయాయి. ఇప్పుడు 30 మేజర్ లీగ్ జట్లకు తలా నాలుగు, మొత్తం 120 పూర్తి సీజన్ జట్లు. కింద నుంచి చెబితే సింగిల్‌-ఏ, హై-ఏ, డబుల్‌-ఏ, ట్రిపుల్‌-ఏ. వీటికి కింద ఫ్లోరిడాలో, అరిజోనాలో శిక్షణ మైదానాల మీద జరిగే కాంప్లెక్స్ లీగ్‌లు, వాటికీ కింద డొమినికన్ సమ్మర్ లీగ్. ట్రిపుల్‌-ఏ మార్చి చివర మొదలై 150 ఆటలు ఆడుతుంది. మిగతా మూడు మెట్లు ఏప్రిల్ మొదటి వారంలో మొదలవుతాయి: డబుల్‌-ఏకు 138 ఆటలు, కింది రెండింటికి 132. కాంప్లెక్స్ లీగ్‌లు మే నెలలో కానీ తెరుచుకోవు. కాబట్టి ఏప్రిల్‌లో 18 ఏళ్ల కుర్రాడి పేరు ఏ జట్టు జాబితాలోనూ కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు. చాలామంది శిక్షణ శిబిరంలోనే ఉండి, లెక్కలోకి రాని ఆటలు ఆడుతుంటారు.

దీన్ని రంజీ ట్రోఫీలాంటిదనుకుంటే పొరపాటు. రంజీలో ఆంధ్ర, హైదరాబాద్ జట్లు తమ కోసం గెలవాలని ఆడతాయి. మైనర్ లీగ్‌లో ఆటగాడి జీతం, కోచ్ జీతం, ఎవరు ఎన్ని బంతులు వేయాలన్న నిర్ణయం అన్నీ పైనున్న మేజర్ లీగ్ జట్టువే. స్థానిక యజమాని చేతిలో ఉండేవి టికెట్లు, తినుబండారాలు, టోపీల అమ్మకం. అందుకే తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్‌లో స్కోరు సమంగా ఉన్నా, బాగా వేస్తున్న పిచ్చర్‌ను (బంతి విసిరేవాణ్ని) 70 బంతులు అయిపోయాయని తీసేస్తారు. గెలుపు ముఖ్యమైతే ఎవరూ అలా చేయరు. జీతాల మాటా వచ్చింది కాబట్టి: ఆటగాళ్ల సంఘంతో 2023లో తొలి ఒప్పందం కుదిరేదాకా ట్రిపుల్‌-ఏ కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు. ఆ ఒప్పందంతో అది 35,800కు, సింగిల్‌-ఏలో 11,000 నుంచి 26,200కు పెరిగింది. సంతకం రోజునే లక్షలు అందుకున్నవాడూ, అద్దెకు తడుముకునేవాడూ ఒకే బస్సులో ప్రయాణం చేస్తుంటారు.

రెండు వరుసలు చదువుదాం

ఏప్రిల్ చివర్లో ఇద్దరు బ్యాటర్ల అంకెలు ఇలా ఉన్నాయనుకోండి. ఇద్దరూ ఊహించినవాళ్లే.

మొదటివాడికి 24 ఏళ్లు, హై-ఏలో ఆడుతున్నాడు. 60 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి 57 అధికారిక అవకాశాల్లో (వాక్‌లలాంటివి ఇందులో లెక్కకు రావు) 21 హిట్లు, .368 సగటు. ఒక హోమ్ రన్, 2 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు దొరికే ఫస్ట్ బేస్), 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లకు అవుటవడం).

రెండోవాడికి 20 ఏళ్లు, డబుల్‌-ఏలో ఆడుతున్నాడు. 62 సార్లు వచ్చి 52 అవకాశాల్లో 12 హిట్లు, .231 సగటు. 2 హోమ్ రన్లు, 9 వాక్‌లు, 12 స్ట్రైకౌట్లు.

స్కౌట్లలో (కుర్రాళ్లను పరిశీలించి అంచనా వేసేవాళ్లు) దాదాపు ఎవరైనా రెండోవాణ్నే కోరుకుంటారు. ఎందుకో లెక్క వేసి చూడండి. మొదటివాడు వచ్చిన ప్రతి మూడుసార్లలో దాదాపు ఒకసారి, అంటే 32 శాతం, స్ట్రైకౌట్ అయ్యాడు. వాక్‌లు 3 శాతం. మరి .368 ఎలా వచ్చింది? హోమ్ రన్లు, స్ట్రైకౌట్లు తీసేసి, మైదానంలో పడిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో చూస్తే .541. మేజర్ లీగ్‌లో ఈ అంకె ఏటా .300 దగ్గర తిరుగుతుంది. బంతులు ఫీల్డర్ల మధ్య సందుల్లో పడ్డాయి, అంతే. జూన్ వచ్చేసరికి అవే బంతులు గ్లవ్స్‌లో పడతాయి. రెండోవాడికి అదే లెక్క .263, అంటే అదృష్టం కాస్త ముఖం చాటేసింది. స్ట్రైకౌట్లు 19 శాతం, వాక్‌లు 15 శాతం. తనకంటే మూడు నాలుగేళ్లు పెద్ద పిచ్చర్లను ఎదుర్కొంటూ ఈ అంకెలు తేవడమే అసలు కబురు.

వయసును ఒంటరిగా చూడకూడదు, మెట్టుతో కలిపి చూడాలి. సుమారుగా సింగిల్‌-ఏ సగటు వయసు 21, హై-ఏలో 22-23, డబుల్‌-ఏలో 24, ట్రిపుల్‌-ఏలో 26 దాటుతుంది. సగటు కంటే రెండేళ్లు చిన్నవాడు సగటు ఆట ఆడినా మంచి వార్తే. రెండేళ్లు పెద్దవాడైతే అదరగొట్టాలి, అప్పుడే పట్టించుకుంటారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ కుర్రాడు కానర్ గ్రిఫిన్ 2024లో హైస్కూల్ నుంచి 9వ ఎంపికగా వచ్చాడు. 2025లో 19 ఏళ్ల వయసులో సింగిల్‌-ఏ, హై-ఏ, డబుల్‌-ఏ మూడూ ఆడి .333 సగటు, 21 హోమ్ రన్లు, 65 దొంగ బేస్‌లు (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టడం) సాధించాడు. అలాంటి వరుస కనబడితే జాబితా చూడక్కర్లేదు.

అసలు వడపోత జరిగేది డబుల్‌-ఏలో. కింది మెట్లలో 97 మైళ్ల వేగంతో వేసేవాళ్లు దొరుకుతారు, కానీ 2-0 కౌంట్‌లో (రెండు చెడ్డ బంతులు పడ్డాక) ఛేంజప్‌ను (వేగం తగ్గించి మోసం చేసే బంతిని) స్ట్రైక్‌గా వేయగలిగేవాళ్లు తక్కువ. డబుల్‌-ఏలో వాళ్లు వరుసకట్టి ఎదురవుతారు. బాస్కెట్‌బాల్ వదిలి 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్‌కు ఆడిన మైకేల్ జోర్డాన్‌ను ఏకంగా ఈ మెట్టు మీదే దింపారు: 127 ఆటలు, .202 సగటు, 114 స్ట్రైకౌట్లు. అయినా 30 బేస్‌లు దొంగిలించాడన్నది చాలామంది చెప్పరు.

ఎన్ని అవకాశాల తర్వాత ఏ అంకెను నమ్మాలి? బ్యాటర్ స్ట్రైకౌట్ శాతం 60 అవకాశాలు దాటితే అర్థవంతమవుతుంది, అంటే రెండు మూడు వారాలు. వాక్ శాతానికి 120 దాకా ఆగాలి. మైదానంలో పడిన బంతుల సగటుకైతే ఒక సీజన్ మొత్తం కూడా చాలదు. మొత్తం బ్యాటింగ్‌కు ఒకే అంకె కావాలంటే ఫ్యాన్‌గ్రాఫ్స్ వెబ్‌సైట్‌లో డబ్ల్యూఆర్‌సీ ప్లస్ చూడండి. 100 అంటే ఆ లీగ్ సగటు, 130 అంటే సగటు కంటే 30 శాతం మెరుగు.

ఒక్కరోజులోనే నమ్మదగ్గవీ కొన్ని ఉన్నాయి, వాటిని చాలామంది వదిలేస్తారు. 19 ఏళ్ల కుర్రాడు బంతిని గంటకు 112 మైళ్ల వేగంతో కొట్టాడంటే అది అదృష్టం కాదు, ఆ బలం ఒంట్లో ఉన్నట్టే. పిచ్చర్ వేగం నిరుటి 93 నుంచి 96కు పెరిగితే అదీ అంతే. పరుగు వేగం సెకనుకు 30 అడుగులు చేరితే అతను మేజర్ లీగ్‌లోనూ మెరుపే, అక్కడి సగటు 27. ఈ కొలతలు ట్రిపుల్‌-ఏకు, సింగిల్‌-ఏలోని ఫ్లోరిడా స్టేట్ లీగ్‌కు బేస్‌బాల్ సావంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మధ్య మెట్లకు జట్ల దగ్గర ఉంటాయి, మనకు అందవు.

పార్కు, బంతి, రోబో అంపైర్

ట్రిపుల్‌-ఏలో రెండు లీగ్‌లు. తూర్పు వైపున్న ఇంటర్నేషనల్ లీగ్ ఒక తీరు, పసిఫిక్ కోస్ట్ లీగ్ ఇంకో తీరు. పసిఫిక్ కోస్ట్‌లో ఆల్బుకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది, రీనో 4,500 దగ్గర. గాలి పలచన, బంతి ఎగిరిపోతుంది, బ్రేకింగ్ బంతులు సరిగా తిరగవు. రీనోలో 5.00 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) ఉన్న పిచ్చర్‌ను చెత్త అనెయ్యకండి, అక్కడ .300 కొట్టినవాణ్ని ఆకాశానికీ ఎత్తకండి. అతని సొంత మైదానం అంకెలు, బయటి అంకెలు విడివిడిగా చూస్తే సగం అనుమానం తీరుతుంది.

మైనర్ లీగ్ ప్రయోగశాల కూడా. 2023లో సదరన్ లీగ్ మొదటి అర్ధభాగంలో ముందుగానే జిగురు పూసిన బంతులు వాడారు, స్ట్రైకౌట్లు అమాంతం పెరిగాయి. ఆ అంకెలు చూసి పిచ్చర్లను నెత్తిన పెట్టుకున్నవాళ్లు తర్వాత నాలుక కరుచుకున్నారు. 2023, 2024లో ట్రిపుల్‌-ఏలో యంత్రం స్ట్రైక్ జోన్ (బంతి స్ట్రైక్‌గా లెక్కకొచ్చే పరిధి) నిర్ణయించిన రోజుల్లో వాక్‌లు మామూలు కంటే ఎక్కువ వచ్చాయి. ఆ యంత్రం బ్యాటర్ ఎత్తులో 53.5 శాతాన్ని జోన్ పైభాగంగా, 27 శాతాన్ని కిందిభాగంగా లెక్కిస్తుంది. అంపైర్ నిర్ణయాన్ని యంత్రంతో సరిచూడమని అడిగే ఛాలెంజ్ పద్ధతిని 2026 నుంచి మేజర్ లీగ్‌కూ తెచ్చారు: జట్టుకు రెండు ఛాలెంజ్‌లు, నెగ్గితే చేతిలో మిగులుతుంది, అడిగే హక్కు బ్యాటర్, పిచ్చర్, వికెట్‌కీపర్‌లాంటి క్యాచర్‌లకే. ట్రిపుల్‌-ఏలో ఏళ్ల తరబడి దీనికి అలవాటుపడ్డ క్యాచర్‌కు ఇదో ఒడుపు. దీన్ని ఇంకా ఏ జాబితా సరిగా తూచలేదు.

పిచ్చర్ల అంకెలకు ఏప్రిల్‌లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు, సోమవారం సెలవు. అందువల్ల చాలా జట్లు ఆరుగురు స్టార్టర్లను (ఆట మొదలుపెట్టే పిచ్చర్లను) తిప్పుతాయి, ఒక్కొక్కరికి వారానికి ఒక ఆట. మొదటి వారాల్లో 60-75 బంతుల దగ్గర ఆపేస్తారు. నెలంతా కలిపితే 16-18 ఇన్నింగ్స్. అందులో ఒక్క చెడ్డ ఇన్నింగ్స్ పడితే ఈఆర్‌ఏ అమాంతం పెరుగుతుంది. కాబట్టి ఈఆర్‌ఏ వదిలేసి స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ శాతం తీసేయండి. మిగిలేది 20కి పైనుంటే వినాల్సిన పేరే. ఇంకో చిక్కుంది: కొత్త బంతి నేర్పుతున్న కోచ్‌లు "ఈ నెల కట్టర్ 20 శాతం వెయ్యి" అని చెప్పి పంపుతారు. దెబ్బలు తింటాడు, తినాలనే పంపారు.

జాబితాల్లో కనిపించే 20 నుంచి 80 దాకా మార్కుల గురించి ఒక్క ముక్క. 50 అంటే మేజర్ లీగ్ సగటు, స్కూలు పరీక్షలో 50 కాదు. ప్రతి 10 మార్కులూ ఒక ప్రామాణిక విచలనం. మొత్తం విలువ 50 ఇచ్చారంటే మేజర్ లీగ్‌లో రోజూ ఆడే స్థాయి అని అర్థం, టాప్ 100లో చోటు దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది. 45, 40 ఇచ్చినవాళ్లలోనే క్యాంబెల్‌లాంటివాళ్లు దాగుంటారు. ఓపికున్నవాళ్లకు అసలు సరదా అక్కడే.

కాగితాలు

మేజర్ లీగ్ జట్టులో ఒక బ్యాటర్‌కు తొడ కండరం పట్టేసింది. ట్రిపుల్‌-ఏలో మీ అభిమాన కుర్రాడు దుమ్ము దులుపుతున్నాడు. పిలుపు మాత్రం 27 ఏళ్ల ఇంకెవరికో వెళ్లింది. అభిమానులు తిట్టుకుంటారు. కారణం ఎక్కువసార్లు ఒక్కటే: ఆ 27 ఏళ్లవాడు 40 మంది జాబితాలో ఉన్నాడు, మీవాడు లేడు.

ప్రతి జట్టుకూ 40 మంది పట్టే జాబితా ఉంటుంది. మేజర్ లీగ్‌లో ఆడే 26 మందీ అందులోంచే రావాలి. నిండిన జాబితాలోకి కొత్తవాణ్ని చేర్చాలంటే ఉన్నవాణ్ని తీసేయాలి, తీసేసినవాణ్ని వేరే జట్టు పట్టుకుపోవచ్చు. పది రోజుల అవసరానికి ఆ రిస్క్ ఎవరూ తీసుకోరు. జాబితాలో ఉన్నవాణ్ని మాత్రం మూడు సీజన్ల పాటు కిందకీ పైకీ తిప్పొచ్చు, దీన్నే ఆప్షన్ అంటారు. ఒక సీజన్‌లో 20 రోజులు కింద గడిపితే ఒక ఆప్షన్ ఖర్చయినట్టు. 2022 నుంచి ఒకే సీజన్‌లో ఐదుసార్లకు మించి కిందకు పంపకూడదు. ఆప్షన్లు అయిపోయినవాడు ఏప్రిల్‌లో బాగా ఆడకపోయినా జట్టులో ఉంటాడు, ఎందుకంటే పంపితే పోతాడు.

మరి 40 మందిలోకి ఎప్పుడు చేరుస్తారు? దీనికి రూల్ 5 గడువు ఉంది. 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసినవాడికి ఐదు సీజన్లు, 19 నిండినవాడికి నాలుగు. ఆలోగా నవంబరు నాటికి చేర్చకపోతే డిసెంబరు రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు. అయితే వచ్చే సీజనంతా అతన్ని 26 మందిలో ఉంచాలి. ఉంచలేకపోతే పాత జట్టుకు 50,000 డాలర్లకు తిరిగి ఇవ్వజూపాలి. ఏప్రిల్‌లో మీ అభిమాన కుర్రాడి పేరు పక్కన "ఈ ఏడాది రూల్ 5 గడువు" అని రాసుకోండి. ఆగస్టులో అతనికి హఠాత్తుగా ప్రమోషన్ వస్తే ఆశ్చర్యం కలగదు.

చివరి కాగితం సర్వీస్ టైమ్. మేజర్ లీగ్‌లో 172 రోజులు ఉంటే ఒక ఏడాది. సీజన్ సుమారు 187 రోజులు. ఆరేళ్లు పూర్తయితే ఆటగాడు స్వేచ్ఛగా ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. అంటే మొదటి రెండు వారాలు కిందే ఉంచితే జట్టుకు ఒక ఏడాది అదనంగా మిగులుతుంది. చికాగో కబ్స్ 2015లో క్రిస్ బ్రయంట్‌ను ఏప్రిల్ 17న పిలిచింది. ఏడాది చివర అతని లెక్క 171 రోజులు. ఒక్క రోజు తక్కువ! అతను ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు.

మేజర్ లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ 2022లో కుదిరిన ఒప్పందం ఈ ఆటకు కొంత కళ్లెం వేసింది. పేరున్న జాబితాల్లో టాప్ 100లో ఉన్న కుర్రాణ్ని సీజన్ మొదట్నుంచీ ఉంచి, అతను రూకీ ఆఫ్ ద ఇయర్ గెలిస్తే జట్టుకు ఒక అదనపు డ్రాఫ్ట్ ఎంపిక దొరుకుతుంది. హూలియో రోడ్రిగెస్‌ను 2022 మొదటి రోజే ఆడించిన సియాటిల్‌కు అలాగే వచ్చింది. ఇంకోవైపు, ఆలస్యంగా వచ్చినా రూకీ ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాడికి పూర్తి ఏడాది సర్వీస్ ఇస్తారు. పాల్ స్కీన్స్‌ను పిట్స్‌బర్గ్ 2024 మే 11న దింపింది, అతను రూకీ పురస్కారం గెలిచి పూర్తి ఏడాది కొట్టేశాడు, జట్టుకు మాత్రం అదనపు ఎంపిక దక్కలేదు. ఈ నిబంధన వచ్చాక ఏప్రిల్ మొదటి రోజే దిగే కుర్రాళ్లు కనిపిస్తున్నారు. అలా దిగనివాణ్ని చూసి "ఇంకా సిద్ధంగా లేడు" అన్న ప్రకటన వింటే రెండు మూడు వారాలు క్యాలెండర్ గమనించండి.

మాయమైతే

నిన్నటిదాకా ఆడిన కుర్రాడు ఇవాళ లేడు, గాయం వార్తా లేదు. ఆటగాళ్ల మార్పులు చేర్పులు రోజూ వచ్చే ట్రాన్సాక్షన్ల పేజీ చూడండి. ఏడు రోజుల గాయాల జాబితా అంటే చిన్నదై ఉండొచ్చు. డెవలప్‌మెంట్ లిస్ట్ అంటే అసలు గాయమే కాదు, ఆటల నుంచి పక్కకు తీసి శిక్షణ ఇస్తున్నారు. పిచ్చర్లకు బంతుల లెక్క తగ్గించడానికీ ఇదే వాడతారు. పిచ్చర్‌ను 60 రోజుల జాబితాలో వేస్తే మోచేయి గురించి ఆలోచించాలి. మోచేయి లిగమెంట్‌ను బాగుచేసే టామీ జాన్ సర్జరీ అయితే 12 నుంచి 18 నెలలు.

మన పాఠకులకు తెలిసిన పేరు కుమార్ రాకర్. తల్లి వైపు భారత సంతతి. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత సంతకం చేయలేదు. అనుబంధం లేని ట్రై-సిటీ జట్టుకు ఆడి, 2022లో టెక్సస్ రేంజర్స్‌కు 3వ ఎంపికయ్యాడు. 2023 మేలో టామీ జాన్. 2024లో కాంప్లెక్స్ లీగ్‌తో మొదలుపెట్టి, ఫ్రిస్కో (డబుల్-ఏ), రౌండ్ రాక్ (ట్రిపుల్-ఏ) దాటి సెప్టెంబరులో మేజర్ లీగ్‌కు చేరాడు. సర్జరీ తర్వాత కుర్రాణ్ని జాబితాల్లోంచి కొట్టేయడం తొందరపాటని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఫ్రిస్కో పేరు వినగానే డాలస్ తెలుగువాళ్లు నవ్వుకుంటారు. రేంజర్స్ డబుల్‌-ఏ మైదానం వాళ్ల ఇళ్ల మధ్యనే ఉంది. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్లే న్యూజెర్సీవాళ్లకు అదే ఊళ్లో యాంకీస్ డబుల్‌-ఏ జట్టు సోమర్సెట్ పేట్రియట్స్ ఉంది. నార్త్ కరోలినాలోని క్యారీవాళ్లకు డర్హమ్ బుల్స్, హ్యూస్టన్‌వాళ్లకు షుగర్ ల్యాండ్, అట్లాంటా ఉత్తర శివార్లవాళ్లకు గ్వినెట్ స్ట్రైపర్స్. ఇండియాలో ఉన్నవాళ్లకు తూర్పు తీరంలో సాయంత్రం 6:35కు మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4:05. ఫ్రిస్కో ఆట 7:05కైతే ఇక్కడ 5:35. వారం మధ్యలో బడిపిల్లల కోసం పెట్టే ఉదయం 11:05 ఆటలు వెతకండి, తూర్పు తీరంలో అవి మన రాత్రి 8:35.

మైదానానికే వెళ్తే సీటు ఎక్కడ తీసుకోవాలన్నది ముఖ్యం. కుడిచేతి బ్యాటర్ స్వింగ్ తెరిచినట్టు కనబడాలంటే ఫస్ట్ బేస్ వైపు, కుడిచేతి పిచ్చర్ చెయ్యి కనబడాలంటే థర్డ్ బేస్ వైపు. ఎడమచేతివాళ్లకు దీనికి తిరగేసి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు: బంతి బ్యాట్‌కు తగిలిన క్షణం నుంచి కాలు ఫస్ట్ బేస్ తాకేదాకా కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లు, ఎడమచేతివాడికి 4.2 సగటు. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గర గ్లవ్‌లో పడేదాకా 2.0 సగటు, 1.9 అంటే మంచి చెయ్యి. టికెట్ కొనేముందు ఆ రోజు లైనప్ వచ్చేదాకా ఆగండి. ఆరు ఆటల సిరీస్‌లో కుర్రాడికి కనీసం ఒక రోజు విశ్రాంతి ఇస్తారు, క్యాచర్లకైతే రెండు మూడు. శనివారం రాత్రి ఆడినవాడు ఆదివారం మధ్యాహ్నం బెంచీ మీద ఉండడం మామూలే.